ఎర్ర దారం జల్లెడ

గిల్లేసూగూరు బస్సు దిగి, సంకలో మూటతో అంబుజ ఇల్లు చేరేసరికి ఇంట్లో ప్రతి వస్తువూ తళతళలాడుతోంది. ముందుగా ఆమెకు గిట్టనిది అదే.

అన్న పోయాడని కబురొస్తే ఉన్నపళంగా పుట్టింటికి వెళ్ళిన మనిషి. దినవారాలన్నీ అయ్యేదాకా అక్కడే ఉండిపోయింది. ఈలోగా దసరా వచ్చింది, ఆయుధ పూజ వచ్చింది, పోయింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి పనిముట్లకు పసుపు రాసింది ఆమె చెయ్యే. ఈ ఏడు మాత్రం ఆ పని కోడలు నేత్ర చేసింది. మాన్వి ఊరి పిల్ల. పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. అత్తగారు ఊళ్ళో లేనప్పుడు కొత్త కోడలు ఏం చేస్తుంది చెప్పండి? వచ్చాక ఒక్క మంచి మాట అనకపోతుందా అని ఒళ్ళు వంచి తోముతుంది. నేత్ర కూడా గిన్నెల దగ్గర మొదలుపెట్టి గడప దాకా తోమేసింది.

"నీళ్ళు తెమ్మంటవా అత్తా? ఎండల వచ్చినవ్," అంది నేత్ర, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

"నీళ్ళు తర్వాత. సామానెట్ల పెట్టినవో చూస్తా పట్టు," అంటూ అంబుజ మూట కింద పడేసి పక్క పంచలోకి నడిచింది. చూడండి ఆవిడ తీరు! అన్న పోయిన దుఃఖం ఒకవైపు, ప్రయాణపు అలసట ఒకవైపు, అయినా కోడలు చేసిన పనిలో వంక దొరికేదాకా ఆమెకు కుదురు లేదు.

వాళ్ళది బాణసంచా పని. రాయచూరు దాటి యరగేర దారిలో ఇల్లు, ఇంటి వెనక పత్తి చేను, చేను అవతల కారఖాన. కారఖాన అంటే పెద్దదేమీ కాదు, రేకులు కప్పిన ఒక్క గది. ఏదన్నా జరిగితే ఇంటికి తగలకూడదని మామగారు అంత దూరాన కట్టించాడు. జరిగింది కూడా. అంబుజ భర్త అమరప్ప ఆ గదిలోనే పోయాడు. కారణమేమిటో చెప్పడానికి లోపల మనిషి మిగల్లేదు. గది మళ్ళీ కట్టారు. ఇప్పుడు అందులో అంబుజతో పాటు కూర్చునేది కొడుకు విరూపాక్ష.

మామగారి కాలంలో జాతరలకు చప్పుడుంటే చాలేది. పెట్లుప్పు, గంధకం, బొగ్గు, మూడూ కలిపి నూరితే నల్లమందు. అదే కింది నుంచి గుండును ఆకాశానికి ఎగరేసేది, పైన పగలగొట్టేది కూడా అదే. శక్తినగర్‌లో కరెంటు ఫ్యాక్టరీ లేచాక కథ మారింది. కాలనీలోకి నలుమూలల నుంచీ ఆఫీసర్లొచ్చారు. వాళ్ళకు చప్పుడు ఆనదు, రంగు కావాలి. ఆకాశం నిండా పచ్చగా, ఎర్రగా పూలు విచ్చుకోవాలి. రంగు ఎక్కడి నుంచి వస్తుంది? తలా ఒక లోహపు ఉప్పులోంచి వస్తుంది. ఆ ఉప్పును భగ్గున మండించడానికి పొటాసు కావాలి. అన్నీ కలిపి, జిగురుతో తడిపి, చిన్న చిన్న గోలీలు చేసి ఆరబెడతారు. పైకి పోయాక పూవులా విచ్చుకునేవి ఆ గోలీలే.

అలా పొటాసు ఆ ఇంటికి వచ్చింది, వస్తూ వస్తూ భయాన్ని వెంట తెచ్చింది. గంధకం పెట్లుప్పుతో ఎన్నాళ్ళయినా కాపురం చేస్తుంది. పొటాసుతో మాత్రం దానికి బద్ధవైరం. ఈ సంగతి చదువుకుంటేనే తెలియాలా? రెండూ చిటికెడంత గొట్టంలో పోసి గోడకేసి కొడితే ఢామ్మంటుందని దీపావళి చేసుకునే ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఒక రాపిడి చాలు, ఒక దెబ్బ చాలు. ఒక్కోసారి ఏమీ అక్కర్లేదు, వట్టి ఎండ చాలు. అందుకే ఆ ఇంట్లో జల్లెడలు రెండు. గంధకం జల్లెడకు పసుపులో ముంచిన పసుపు దారం, పొటాసు జల్లెడకు అంగట్లో కొన్న ఎర్ర దారం. ఏటా ఆయుధ పూజకు పాత దారాలు తెంపి, కొత్తవి అంబుజే కట్టేది.

ఇప్పుడు పంచలో రెండు మేకులకు రెండు జల్లెడలు వేలాడుతున్నాయి. రెండిటికీ ఎర్ర దారమే.

అంబుజ ముందు కళ్ళు నులుముకుంది. ఎండలోంచి వచ్చాను కదా, కళ్ళు చెదిరాయేమో అనుకుంది. దగ్గరికి వెళ్ళి చూసింది. ఎర్ర దారం, ఎర్ర దారం.

"నేత్రా! పసుపు దారం ఏదే?"

నేత్ర ముఖం వెలిగిపోయింది. ఆ ప్రశ్న కోసమే ఇన్నాళ్ళూ కాచుకున్నట్టుంది.

"పసుపుదే కట్టిన అత్తా, దేవరాన! పూజ అయినంక తెల్లారి లేచి చూస్తే ఎర్రగయ్యింది. అమ్మోరు కుంకుమ పెట్టుకుందనుకున్న. టెంకాయ కొట్టి దండం పెట్టిన. నువ్వొచ్చినంక చెప్పాలని ఆయనకు గూడ చెప్పలే."

అంబుజకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. దారాన్ని వేళ్ళతో నలిపి చూసింది.

"దేనితోని కడిగినవ్ వీటిని?"

"బట్టల సోడాతోని. మస్తు జిడ్డుండె. బూడిదకు పోలే. చట్రం సందులల్ల గూడ గీకి గీకి కడిగిన."

"ఆరినంక కట్టినవా, తడి మీదనే కట్టినవా?"

"పూజకు టైమైతుండె..." నేత్ర గొంతు తగ్గింది. "తడి మీదనే కట్టిన."

పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని తెలియని ఆడది ఎక్కడైనా ఉంటుందా? సోడా తగిలినా అంతే. ఇద్దరికీ తెలిసిన సంగతే, ఒకరికి సమయానికి తట్టలేదు. దేవుడి గూటి దగ్గర ఎండిపోతున్న నిమ్మకాయ ఒకటి పడి ఉంటే అంబుజ అందుకుని, పళ్ళతో కొరికి, కుడివైపు జల్లెడ దారం మీద పిండింది. ఏమీ కాలేదు, దారం అలాగే ఎర్రగా ఉంది. ఎడమవైపు దాని మీద పిండింది. రసం తగిలిన మేర ఎరుపు కరిగిపోయి, కళ్ళముందే దారం పసుపుపచ్చగా తిరిగింది.

అదీ గంధకం జల్లెడ. దాని వల మీద మాత్రం గంధకం లేదు. వేలితో రాస్తే తెల్లటి పొడి అంటింది. పొటాసు కలిపిన రంగు మందు.

"దీన్ని ఎవరు పట్టిన్రు?"

"ఆయనే. నువ్వు లేవని తనే, ముందుగాల కనబడిన ఎర్ర దారంది తీస్కపోయిండు. కాలనీవాళ్ళ పచ్చ గోలీలకు." "ఏమైంది అత్తా?"

ఏమైందో అంబుజకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. చట్రం సందుల్లో ఏళ్ళ తరబడి గడ్డకట్టిన గంధకాన్ని ఈ పిల్ల సోడా పోసి వదులు చేసింది. వాడు జల్లెడను ఊపిన ప్రతి ఊపుకూ అది రాలి పొటాసులో కలిసింది. ఆ మందునే జిగురుతో తడిపి గోలీలు చుట్టాడు.

"గోలీలు యాడున్నయ్?"

"కొన్ని ఎండల ఆరబెట్టిండు. ఎండినయి..."

ఆమె ముగించనక్కర్లేకపోయింది. చేను అవతల నుంచి మెల్లగా చప్పుడు మొదలైంది. టక్. టక్. టక్.

అంబుజ చేతిలోని నిమ్మకాయ వదిలేసింది.

నేత్ర నోరు తెరిచి భర్తను కేకెయ్యబోయింది. అంబుజ ఒక్క ఉదుటున ఆ నోరు మూసింది. ఎంత గట్టిగా మూసిందంటే పిల్ల చెంపల మీద వేళ్ళు అచ్చుపడ్డాయి.

"కూత పెట్టకు! వాడు ఉలిక్కిపడ్తే చెయ్యి జారుతది."

కారఖాన దగ్గర ఎవరినీ పిలవకూడదు. పరిగెత్తుతూ పోకూడదు. అది మామగారు పెట్టిన కట్టు. లోపలున్న మనిషితో పనిపడితే వెళ్ళి గడప బయట రాయి మీద కూర్చోవాలి. తనంతట తాను తలెత్తి చూసేదాకా కాచుకోవాలి. తాళి కట్టినవాడైనా, కడుపున పుట్టినవాడైనా అంతే.

అంబుజ చేలో పడి నడిచింది. పరిగెత్తమని కాళ్ళు ఏడుస్తున్నాయి, వద్దని తల కసురుతోంది. పత్తి కొమ్మలు నూలు చీరను పట్టి గుంజుతుంటే చింపుకుని ముందుకు పోయింది. వెనక నేత్ర వస్తున్న అలికిడి వినిపిస్తోంది. వెనక్కి తిరిగి చూడకుండానే నడిచింది. ఈ గండం గడిచిందా, సాయంత్రం బస్సుకే దీన్ని మాన్వి పంపించేస్తాను, మళ్ళీ దీని ముఖం చూడను అనుకుంది. మనసులో తిట్టని తిట్టు లేదు.

టక్. టక్.

చప్పుడును బట్టి కొడుకు పని ఎంతవరకు వచ్చిందో ఆమె చెప్పగలదు. పాత పేపర్లు పొరలు పొరలుగా కొయ్య బంతి మీద అతికించి, ఆరాక రెండు డిప్పలుగా తీస్తారు. ఒక డిప్పకు అడుగున వత్తి దిగేస్తారు. గోలీలను డిప్ప గోడ పొడవునా ఒకదాని పక్కన ఒకటి పేరుస్తారు. నడుమ ఖాళీలో గంధకం లేకుండా నూరిన నల్లమందు పట్టించిన పత్తిగింజలు పోస్తారు. రెండో డిప్పనూ అలాగే నింపి, దీని మీద బోర్లిస్తారు. అప్పుడు రెండిటి అంచులూ కలవవు. లోపల సరుకు ఎక్కువై నోరు తెరుచుకుని ఉంటుంది. గుండును ఒళ్ళో పెట్టుకుని, చుట్టూ తిప్పుతూ, చిన్న కట్టెతో తట్టాలి. తట్టిన కొద్దీ గోలీలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ సర్దుకుంటాయి. మొదట తేలిగ్గా తడతారు. నోరు మూసుకుంటున్న కొద్దీ దెబ్బ గట్టిపడుతుంది.

ఇప్పుడు దెబ్బ గట్టిపడుతోంది.

కారఖాన ముందు గోనెపట్టాల మీద తట్టల నిండా గోలీలు ఎండలో ఉన్నాయి. వాటిని చూడకుండా దాటి, అంబుజ గడప బయట రాయి మీద కూర్చుంది. లోపల విరూపాక్ష నూలు పంచె కట్టుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో పెద్ద గుమ్మడికాయంత గుండు ఉంది. తల వంచుకుని తడుతున్నాడు. నుదుటి మీద చెమట కూడా తుడుచుకోవడం లేదు. పనిలో పడితే అచ్చం వాళ్ళ నాన్నే.

కూర్చుంది. ఇంకేం చేస్తుంది? చూడరా, ఒక్కసారి ఇటు చూడరా, నీకు పుణ్యముంటుంది అని లోలోపల ప్రాధేయపడుతోంది.

ఎట్టకేలకు అతను తలెత్తాడు. తల్లిని చూసి నవ్వాడు. ఎప్పుడొచ్చావన్నట్టు గడ్డం ఎగరేశాడు. మళ్ళీ తల వంచి కట్టె ఎత్తాడు.

"విరూ." అంబుజ మామగారి కట్టు తప్పింది. జోల పాడే గొంతుతో, మెల్లగా అంది. "కొట్టకు నాయనా. కట్టె పక్కకు పెట్టు. మెల్లగ."

కట్టె గాలిలో ఆగింది. ఆ గది ముందు తల్లి పిలవడం అతను పుట్టి ఎరగడు. కట్టెను చాప మీద పెట్టాడు.

"ఏందమ్మా?"

"గోలీలల్ల గంధకం కలిసింది. జల్లెడలు తారుమారైనయ్."

విరూపాక్ష ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఒళ్ళోని గుండును పాముపిల్లను చూసినట్టు చూశాడు. దాన్ని చుట్టిన రెండు చేతులూ అలాగే బిగుసుకున్నాయి.

"లేచి తొట్టిల ముంచు. అదరకుండ రా," అంది అంబుజ. గడప పక్కనే రాతి తొట్టి నిండా నీళ్ళున్నాయి.

అతను కదలబోయి ఆగిపోయాడు.

"లేవలేనమ్మా. పొద్దుగాల్నుంచి గిట్లనే కూసున్న. రెండు కాళ్ళు తిమ్మిరెక్కినయ్. లేస్తే బోర్ల పడ్త." గొంతు తగ్గించాడు. "నువ్వు దూరం పో. తిమ్మిరి వదిలినంక నేనే తెస్తలే."

"వదిలేదాకా అది ఆగుతదా? నీ ఒంటి ఎచ్చ తగుల్తుంది దానికి." అంబుజ గడప దాటి ముందుకొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపింది.

విరూపాక్ష ఆ చేతుల వైపు చూశాడు. "అమ్మా, నీ చేతులు చూడు."

అవి ఆకుల్లా వణుకుతున్నాయి. ఇన్నేళ్ళలో మందు పిసికిన చేతులు, ఎన్నడూ తొణకని చేతులు, కొడుకు ఒళ్ళో గుండును చూసి మాట వినడం మానేశాయి. ఆమె ఒకదానితో ఒకటి పట్టి బిగించింది. పోయినట్టే పోయి మళ్ళీ మొదలైంది వణుకు. ఓరి దేవుడా, ఇప్పుడా నన్ను ముసలిదాన్ని చేసేది అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

వెనక భళ్ళున నీళ్ళ చప్పుడైంది.

నేత్ర చెంబుతో తొట్టిలోని నీళ్ళు నెత్తి మీద కుమ్మరించుకుంటోంది. ఒంటి మీద నైలాన్ చీర. నైలాన్ బట్టతో కారఖాన గడప తొక్కకూడదు, దాని రాపిడికి నిప్పురవ్వ పుడుతుంది. ఇంటికొచ్చిన మొదటి రోజే అంబుజ కసిరి చెప్పిన సంగతి అది. చీర ఒంటికి అతుక్కుపోయేదాకా తడిపి, గాజులు మోచేతి దాకా ఎగదోసి, లోపలికి వచ్చి అత్త పక్కన కూర్చుంది.

"నేను తీస్త అత్తా."

అంబుజ నోటి దాకా వచ్చింది, నువ్వు చేసింది చాలు అని. కోడలి చేతుల వైపు చూసింది. నీళ్ళు కారుతున్న ఆ చేతులు రాయిలా నిలకడగా ఉన్నాయి. పిల్ల ముఖం సున్నం కొట్టినట్టుంది, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. చేతులు మాత్రం కదలడం లేదు.

ఎవరిని పొలిమేర దాటిస్తానని చేలో ఒట్టు పెట్టుకుందో, దాని చేతుల్లోనే కొడుకు ప్రాణం పెట్టాలి. పక్కకు జరగడం తప్ప అంబుజకు ఇంకో దారి లేదు. జరిగింది.

"కిందినుంచి పట్టు. రెండు డిప్పలూ కలిపి పట్టు, అంచులు ఒరుసుకోవద్దు. పైకి గుంజకు, ఎత్తు."

నేత్ర రెండు అరచేతులూ గుండు కిందికి జొనిపింది. విరూపాక్ష తన చేతులు ఒక్కొక్కటే తీశాడు. గుండు అతని ఒళ్ళోంచి లేచింది. నేత్ర మోకాళ్ళ మీంచి లేచి నిలబడింది. గడప దగ్గర కాలు తడిమి చూసుకుని దాటింది. తొట్టి ముందు నడుము వంచి, నిద్రపోతున్న పసిబిడ్డను ఉయ్యాలలో వేసినట్టు దాన్ని నీళ్ళలోకి దించింది.

గుండు తేలింది.

తేలదా మరి? కాగితపు పొరల మధ్య గాలి నిండిన బంతి అది.

"వదలకు!" అంది అంబుజ. "అదిమి పట్టు. లోపలికి నీళ్ళు పోవాలె."

నేత్ర దాన్ని రెండు చేతులతో నీళ్ళ అడుగుకు అదిమింది. ముఖం సరిగ్గా దాని మీదే ఉంది. తీయడానికి లేదు, తీస్తే పట్టు సడలుతుంది. అంచుల సందులోంచి బుడగలు లేచాయి. బుడగ బుడగకూ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుంటోంది. అంబుజ ఇంక నిలవలేకపోయింది. వచ్చి తొట్టిలో చేతులు పెట్టి కోడలి చేతుల మీద అదిమింది. వణికితే వణకనీ, ఇప్పుడు పరవాలేదు. ఇద్దరూ అలా వంగి, బుడగలు ఆగేదాకా, నీళ్ళు నల్లబడేదాకా, డిప్పలు మెత్తబడి వేళ్ళ కింద విడిపోయేదాకా అదిమి పట్టారు.

విరూపాక్ష గోడ పట్టుకుని కుంటుకుంటూ బయటికొచ్చాడు. ప్రాణం కుదుటపడగానే మగవాడికి పౌరుషం కూడా తిరిగొచ్చింది.

"కొంచెం కలిస్తే గింత పరేషానా అమ్మా? ఊకెనే భయపడ్తివేమో. కాలనీవాళ్ళకు ఏమని చెప్పాలె ఇప్పుడు? గా తట్టలన్నన్న మిగుల్తయేమో చూద్దాం."

తట్టల వైపు ఒక్క అడుగు వేశాడో లేదో, చివరి తట్టలో ఒక మూల సన్నటి పొగ లేచింది. అంబుజ అతని పంచె పట్టుకుని వెనక్కి లాగింది. బుస్సుమని తట్ట మొత్తం అంటుకుంది. పట్టపగటి ఎండలో పచ్చటి మంట నిలువెత్తున లేచి, కళ్ళు మూసి తెరిచేలోగా బూడిదైంది. ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ తట్టలేదు.

మిగిలిన వాటి మీద ముగ్గురూ తడి గోనెలు దూరం నుంచే విసిరారు. బిందెలతో నీళ్ళు పోశారు. పోసి పోసి చేతులు పడిపోయాక కారఖాన మెట్టు మీద కూలబడ్డారు. కాసేపటికి విరూపాక్షకు నవ్వొచ్చింది. చావు తప్పినవాళ్ళకు వచ్చే పిచ్చి నవ్వు అది. పెళ్ళాం చెయ్యి పట్టుకుని పైకెత్తి తల్లికి చూపించాడు.

"చూస్తివా అమ్మా దీని చేతులు? నువ్వు వణికినవ్, నేను వణికిన. ఇది వణకలే! అచ్చం మన పనికే పుట్టిన చేతులు. రేపటి సంది నీ పక్కల కూసోబెట్టుకో."

నేత్ర సిగ్గుపడింది. అంత భయంలోనూ ఆ ముఖంలో చిన్న సంతోషం మెరిసింది.

అంబుజ కొడుకు చెంప ఛెళ్ళుమనిపించింది.

"ఆ మాట అనకురా! దాన్ని ఆ మాట అనకు!"

సరిగ్గా ఆ మాటే తనను ఒకప్పుడు మామగారు అన్నాడు. పెళ్ళయిన కొత్తలో, ఇదే మెట్టు మీద, ఈ చేతులు మన పనికే పుట్టినయ్ అన్నాడు. నెల రోజులు కాలు నేల మీద నిలవలేదు ఆమెకు. ఆ మాట మీదే ఈ గదిలో కూర్చుంది. అమరప్ప పోయాక కూడా ఆ మాట మీదే లేవలేదు.

"నేత్రా, ఇంటికి పో," అంది. "సబ్బుతోని చేతులు కడుక్కో. మల్ల ఈ గడప తొక్కకు."

నేత్ర కళ్ళు నిండాయి. "తప్పయింది అత్తా. అమ్మోరి మహిమ అనుకున్న. నేర్చుకుంట, ఇంకోసారి గిట్ల కానియ్య. పంపియ్యకు."

"తప్పుకు కాదే పిచ్చిదానా. తప్పు చేసేటోళ్ళకు నేర్పిస్త. నీ చేతులు మంచిగున్నయ్. అందుకే వద్దంటున్న."

పిల్ల అర్థం కానట్టు అత్త ముఖంలోకి చూసింది. తర్వాత, చెంప పట్టుకుని కూర్చున్న భర్త వైపు చూసింది.

"ఆయన చేతులు గూడ మంచిగనే ఉన్నయ్ గద అత్తా," అంది.

అంబుజ లేచి, కొడుకు చెయ్యి పట్టుకుని పైకి లేపింది. నీళ్ళు మోసి అలసిన కాళ్ళతో అతను తూలుతుంటే, ఆ చేతిని తీసుకెళ్ళి కోడలి చేతిలో పెట్టింది.

"నడిపించుకపో," అంది.

వాళ్ళు చేను దాటేదాకా చూసి, కారఖానలోని మందు డబ్బాలన్నీ ఒక్కొక్కటే తెచ్చి తొట్టిలో వంచడం మొదలుపెట్టింది.